ఎర్త్ యాడికి పోతుంది మామా

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున, కెలవరపల్లి డ్యాము దగ్గర మిలిటరీ లారీ ఒకటి ఉన్నట్టుండి నిలిచిపోయిందనీ, మెకానిక్కులెవరూ దాని జోలికి రావడం లేదనీ చెప్పి, మా వీధి టీ అంగడి ఆయన ఒక అమ్మాయిని వెంటబెట్టుకొని మత్తిగిరిలో మా ఇంటికి వచ్చాడు. ఆ అమ్మాయికి బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగమట. మిలిటరీవాళ్ళు ఇక వద్దని వేలం వేసిన లారీని కొని, వెనక తొట్టిలో మంచమూ పొయ్యీ గిన్నెల అరా కట్టించుకొని, సెలవు దొరికితే చాలు ఊళ్ళ మీద పడుతుందట. మన కాలంలో ఇల్లు లేనివాళ్ళు లారీలో పడుకునేవాళ్ళు, ఇప్పుడు ఇల్లున్నవాళ్ళు పడుకుంటున్నారు అనుకుంటూ, పాత టెస్టు బల్బు జేబులో వేసుకొని బయలుదేరాను. రెండు బ్యాటరీలూ చచ్చిపోయాయని ఆమె అప్పటికే తీర్మానించేసి ఉంది. నేను బ్యాటరీల వైపు కూడా చూడకుండా బండి కిందికి దూరి, బ్యాటరీ తీగను ఛాసీకి బిగించే బోల్టు విప్పి, తుప్పు గీకి, మళ్ళీ బిగించి, సెల్ఫ్ కొట్టమన్నాను. బండి లేచింది. ఆ అమ్మాయి చేతులు జోడించి, అంత సులభంగా ఎలా కనిపెట్టారు, మీకు పని నేర్పిన గురువు ఎవరు అని అడిగింది. ఎవరు ఏమడిగినా ఏదో ఒక చమత్కారం విసిరి తప్పించుకునే నా నోరు, ఆ ప్రశ్నకు మాత్రం మూతపడింది.

గురువు మా మేనమామ. మా అమ్మకు చిన్న తమ్ముడు. పద్నాలుగేళ్ళు పట్టాళంలో లారీ నడిపి, మంచు కొండల్లోనూ ఇసుక మేటల్లోనూ ఒక్కనాడూ బండిని దారిలో నిలపలేదని పేరు తెచ్చుకొని, ఒక ఇనుప పెట్టెతో ఊరికి వచ్చినవాడు. ఎనిమిదో తరగతిలో లెక్కల అయ్యవారి నడకను ఆయన వెనకే నడిచి చూపించి, ఆయన తిరిగి చూసేసరికి బడి నుంచే బయటపడ్డ నన్ను, హోసూరులో ఒక షెడ్డులో బండ్ల కరెంటు పనికి చేర్చింది మామే. తీగ ఏది, దానిలో ఏది పారుతుంది, ఎక్కడ తెగితే ఏది ఆగుతుంది అన్నది చెయ్యి పట్టుకొని నేర్పిందీ ఆయనే. అంత చేసినవాణ్ణి నేను ఎలా చూసుకున్నానంటే, మేనమామను ఆట పట్టించే హక్కు మేనల్లుడికి పుట్టుకతో వస్తుంది కదా, ఆ హక్కును ఒక్క పూట కూడా ఖాళీగా ఉంచలేదు. ఆయన బండి ఎక్కే ముందు నాలుగు చక్రాలనూ చుట్టివచ్చి, ముందర నిలబడి, ఒకసారి నిటారుగా అయ్యేవాడు. వెనక నిలబడి నేనూ అలాగే నిటారుగా అయి, ఒక కాలు నేలకు కొట్టి సెల్యూట్ పెట్టేవాణ్ణి. షెడ్డంతా నవ్వేది. ఆయనా నవ్వేవాడు, పాపం.

నాకు ఇరవై నాలుగో ఏడు నడుస్తుండగా, పూల వ్యాపారం చేసే ఒక షావుకారు వేలంలో మిలిటరీ లారీ కొన్నాడు. ఏటి ఇసుకలోనైనా తోటల బురదలోనైనా దిగబడకుండా పోతుందని దాని మీద ఆయనకు మోజు. మామను పిలిచి తాళంచెవి చేతిలో పెట్టాడు. ఆ రోజు మామ ఆ బండి ముక్కు మీద చెయ్యి వేసి నిమిరిన తీరు చూసి, కాపురానికి వచ్చిన మా అత్తను కూడా ఇలా నిమిరి ఉండడని నేను అన్నాను. అత్త దోసె తిప్పే అట్లకాడతో నన్ను వీధి చివరి దాకా తరిమింది.

ఆ బండి గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని మీకు తెలియదు. దానికి రెండు బ్యాటరీలు, ఒకదాని తోక ఇంకొకదాని తలకు కట్టి ఉంటాయి. ఒక కొస తీగ బండిలోకి పోతుంది, రెండో కొస తీగను ఛాసీ ఇనుముకు బోల్టుతో బిగిస్తారు. దాన్నే మేము ఎర్త్ అంటాము. ఆ ఒక్క చోట ఇనుమూ ఇనుమూ సరిగా తగలకపోతే, బ్యాటరీలు నిండుకుండల్లా ఉన్నా బండికి చుక్క కరెంటు అందదు. అందుకే పట్టాళంలో ఆ బోల్టు చోట ఎప్పుడూ రంగు పూయరట. ఈ మాట మామ నాకు చెప్పినాడు, ఒక్కసారి కాదు.

మా వైపు ఆయుధ పూజ అంటే ఎంత సంబరమో మీకు తెలుసు. నాలుగు రోజుల ముందు నుంచే షెడ్డులో ఉన్న ప్రతి వస్తువుకూ స్నానమూ రంగూ. మిలిటరీ పచ్చరంగు మామూలు బండ్లకు ఉండకూడదు కాబట్టి, ఆ లారీకి ఎర్రరంగు వేసే పని షావుకారు నాకు అప్పగించాడు. అరచెయ్యంత పచ్చ కూడా మిగలకూడదని నాకు పంతం. బండి కిందికి దూరి ఛాసీకి కూడా రంగు కొట్టాను. ఎర్త్ బోల్టు చోటు బోడిగా, తెల్లమచ్చలా కనిపిస్తుంటే నా కళాహృదయం ఒప్పుకోలేదు. బోల్టు విప్పి, ఆ మచ్చ మీద కూడా రెండు పూతలు పూసి, ఆరనిచ్చి, దాని పైనే తీగ బిగించేశాను. అంతటితో ఆగకుండా, పూజకు మెరుగు పెట్టాలని లారీలో ఉన్న పనిముట్ల పెట్టె కూడా దించి షెడ్డులో పెట్టుకున్నాను. మామకు ఈ రెండూ చెప్పలేదు.

పూజకు ముందు రోజు చామంతులు, బంతులు ఎత్తుకొని రావడానికి మామ చీకటితోనే కల్లావి పూల తోటలకు పోయాడు. బోల్టు మర ఎక్కడో ఇనుముకు తగిలీ తగలక ఉండబట్టి బండి అక్కడి దాకా నడిచింది. మసక వెలుతురులో లైట్లు వేసి లోడు ఎక్కించుకొని, ఎండ ముదరకముందే హోసూరు మార్కెట్టులో దించాలి. లోడయింది, పట్టా కట్టారు, మామ సెల్ఫ్ కొడితే టక్కుమని ఒక చప్పుడు, ఆ తరువాత హారన్ కూడా పలకలేదట. అంగడి ఫోను నుంచి కబురు వచ్చింది. షావుకారు తన వ్యానులో నన్నూ రెండు కొత్త బ్యాటరీలనూ వేసి పంపించాడు. నేను చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. పట్టా కింద నుంచి పూల ఆవిరి వస్తోంది. లోడు ఎత్తిన ఆడవాళ్ళూ మగవాళ్ళూ చుట్టూ కూర్చొని ఉన్నారు. అంతమంది ప్రేక్షకులను చూస్తే నాలాంటివాడికి పూనకం వస్తుంది.

నేను టెస్టు బల్బు తీసి, ఒక కొస బ్యాటరీ తలకూ ఇంకో కొస ఛాసీకీ పెట్టాను. వెలగలేదు. బ్యాటరీ అవుట్, అని చెయ్యి ఊపేశాను.

మామ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, “అట్ల కాదప్పా, బల్బు బ్యాటరీ తలకూ తోకకూ పెట్టి చూడు. సెల్ఫ్ కొట్టినప్పుడు రంగు కాలిన వాసన వచ్చినాది. ముందు ఎర్త్ చూడు,” అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నేను కాలు ఎత్తి నేల మీద గట్టిగా కొట్టి, అందరికీ వినపడేలా, “ఎర్త్ యాడికి పోతుంది మామా? ఈడే, కాళ్ళ కింద ఉండాది కదా!” అన్నాను.

కూర్చున్నవాళ్ళు విరగబడి నవ్వారు. ఒక ముసలామె, “అయ్యో, నీ అల్లుడు నోరు నోరు కాదప్పా!” అని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకొంది. మామ నవ్వలేదు. చెయ్యి చాచి, “ఆ స్పానర్ ఇట్ల ఇయ్యి, నేనే చూస్తాను. నా పెట్టె బండిలో లేదు,” అన్నాడు. స్పానర్ నా వెనక జేబులోనే ఉంది. “స్పానర్లన్నీ పూజకు తలకు పోసుకుంటా ఉండాయి మామా, రేపు రా,” అన్నాను. మళ్ళీ నవ్వులు. ఆయన చాచిన చెయ్యి కొంచెంసేపు అలాగే ఉండి, తరువాత దిగిపోయింది. భుజం మీది తువ్వాలు తీసి ముందు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అద్దం శుభ్రంగానే ఉంది.

పాత బ్యాటరీలు దించి కొత్తవి ఎక్కించేటప్పుడు తీగలను లాగి, వంచి, మోకాలితో తొక్కి నానా హింసా పెట్టాను. ఆ కుదుపులో ఎర్త్ బోల్టు ఎక్కడో ఇనుమును తాకి ఉంటుంది, సెల్ఫ్ కొట్టగానే బండి లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. మరి బ్యాటరీలు ఎందుకు దిగిపోయినాయి అని ఎవరో అడిగితే, “లోడయిన తరువాత మామ లైట్లు ఆపకుండా నిద్రపోయినాడు. కల్లావికి చైనావాళ్ళు వస్తారని కావలి కాసినాడు!” అన్నాను. ఆ మాటకు వచ్చిన నవ్వు, అంతకుముందు నేను నా జన్మలో తెప్పించని నవ్వు.

హోసూరు చేరేసరికి మార్కెట్టు సగం ఖాళీ అయింది. పట్టా తీస్తే పూలు ఉడికిన అన్నంలా ముద్ద కట్టి ఉన్నాయి. షావుకారు కేకలు వేసే మనిషి కాదు. మెల్లగా, “లైట్లు ఆపినావా, లేదా?” అని అడిగాడు. “ఆపినాను సామీ,” అన్నాడు మామ. షావుకారు నా వైపు తిరిగి, “నువ్వేమంటావప్పా? పని తెలిసినవాడివి,” అన్నాడు.

ఆ ఒక్క మాట నన్ను ఎక్కడో పైన కూర్చోబెట్టింది. పని తెలిసినవాణ్ణి! నేను చైనావాళ్ళ మాట మళ్ళీ చెప్పాను, ఈసారి కల్లావిలో కంటే బాగా చెప్పాను. షావుకారు నవ్వాడు. నవ్వుతూనే తాళంచెవి కోసం మామ వైపు చెయ్యి చాచాడు. మామ జేబులోంచి తీసి, తువ్వాలుతో తుడిచి ఇచ్చాడు. ఎవరి కొలువుకైనా ఎవరైనా ఎసరు పెడితే, ఎర్త్ పెట్టినాడు అంటారు కదా లోకంలో. ఆ మాట నాకోసమే పుట్టిందనిపిస్తుంది. బండికి పెట్టాల్సిన ఎర్త్ పెట్టకుండా మామ కొలువుకు పెట్టినవాణ్ణి నేనే.

మరునాడు పూజ. పనిముట్లన్నీ వరసగా పేర్చి, ఆ పాత బ్యాటరీలకు కూడా తడిగుడ్డ పెట్టి, గంధమూ కుంకుమా బొట్లు పెడుతూ, ఏదో బుద్ధి పుట్టి టెస్టు బల్బు ఒక బ్యాటరీ తలకూ తోకకూ తగిలించాను. బల్బు భగ్గున వెలిగింది. రెండో బ్యాటరీకి పెట్టాను, అదీ అంతే. లారీ పూజకు వచ్చి వాకిట్లోనే నిలబడి ఉంటే కిందికి దూరాను. ఎర్త్ తీగ కింద నేను పూసిన ఎర్రరంగు మాడి, నల్లగా పెచ్చులు కట్టి ఉంది. ఎవరూ చూడకుండా ఇనుము తేలేదాకా గీకి, మళ్ళీ బిగించి, బయటికి వచ్చాను.

వచ్చేసరికి మామ నిలబడి ఉన్నాడు. పని పోయినా, ఏటా వచ్చినట్టే తలంటుకొని తెల్ల చొక్కా వేసుకొని పూజకు వచ్చాడు. తగిలించిన బల్బు నేను మరిచిపోయాను, అది బ్యాటరీ మీద ఇంకా వెలుగుతూనే ఉంది. మామ బల్బును చూశాడు. నా చేతిలోని గరుకు కాగితాన్నీ దానికి అంటిన ఎర్రరంగునూ చూశాడు. నాలుగు అడుగుల దూరంలో షావుకారు నిమ్మకాయలు లెక్కపెట్టి చక్రాల కింద పెట్టిస్తున్నాడు. మామ ఒక్క మాట అంటే చాలు, లేదా నేను ఒక్క మాట అంటే చాలు. ఎనిమిదో తరగతిలో ఆగిపోయినవాణ్ణి, నిన్ననే పని తెలిసినవాడివి అనిపించుకున్నవాణ్ణి. నవ్వించేవాడికి, తనను చూసి పదిమంది నవ్వుతారేమో అన్న భయం ఎలాంటిదో మీలో నవ్వించేవాళ్ళకే తెలుస్తుంది. గరుకు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

మామ అన్నాడు, “బల్బు తీసెయ్యప్పా. సుమ్మనే వెలిగితే బ్యాటరీ దిగిపోతుంది.”

హారతి కళ్ళకు అద్దుకొని, బొరుగులూ బెల్లమూ పొట్లం తీసుకొని వెళ్ళిపోయాడు. ఆ తరువాత మత్తిగిరి పశువుల ఫారంలో గడ్డి కోసే పనికి చేరాడు. అక్కడ ట్రాక్టరు ఉండేది. నడపమని అడిగినా, లైట్లు ఆపడం తెలియనివాడికి బండెందుకు అని నవ్వేసేవాడట. ఆ మాట మొదట అన్నది నేనే. నా సొంత షెడ్డు తెరిచినప్పుడు రిబ్బను కత్తిరించింది ఆయనే. రెండుసార్లు చెప్పబోయాను. ఒకసారి దగ్గు వచ్చిందని లేచిపోయాడు, ఇంకోసారి టీ తాగుదాం రాప్పా అన్నాడు. మూడోసారి చెప్పే అవకాశం ఆయన నాకు ఇవ్వకుండానే పోయాడు.

ఇంకా సిగ్గుపడాల్సింది ఏమంటే, ఆ జోకు చావలేదు. మా ఇళ్ళలో ఏ పెళ్ళి జరిగినా ఎవరో ఒకరు దాన్ని ఎత్తుకుంటారు. మొన్న ఒక పెళ్ళిలో మామ మనవరాలు, ఆయనను సరిగా చూసి కూడా ఎరగని పిల్ల, తన కొత్త మొగుడికి చెబుతోంది, మా తాత పెద్ద మిలిటరీవాడంట, లైట్లు వేసుకొని నిద్రపోయి చైనావాళ్ళ కోసం కాసినాడంట అని. పక్కనే కూర్చొని నేనూ నవ్వాను. అలవాటు.

హోసూరు తమిళనాడులో ఉన్నా, మన కాలంలో దాని చుట్టుపక్కల ఏ ఇంట్లో పిల్లలైనా పలక మీద మొదట దిద్దింది ఈ తెలుగు అక్షరాలే. ఇప్పుడు మా పిల్లలు బడిలో తమిళమూ ఇంగ్లీషూ చదువుతారు, తెలుగు ఇంట్లో చక్కగా మాట్లాడతారు కానీ, ఒక పెళ్ళిపత్రిక ఇచ్చి చదవమంటే తలకిందులుగా పట్టుకుంటారు. మామ మనవరాలూ అంతే. ఇన్నేళ్ళకు ధైర్యం చేసి నిజం రాశాడు అని మీరు నన్ను మెచ్చుకోబోతున్నారేమో, ఆగండి. ఆ ఇంట్లో ఇది చదవగలిగేవాళ్ళు ఎవరూ మిగలలేదని తెలిసే రాశాను. ఆమెకు తన తాత లైట్లు ఆపినాడని తెలియాలంటే, ఎదురుగా కూర్చొని నేనే చదివి వినిపించాలి. కాగితాలు మడిచి జేబులో పెట్టుకొని రెండుసార్లు వాళ్ళ వీధి దాకా పోయి వచ్చాను. చదవడం మొదలుపెడితే, ఆ పిల్ల ముఖం మారిన చోట, ఏదో ఒకటి అని నవ్వించేసి లేచి వస్తానేమోనని నా భయం.