పడవకి దాపట ఎటు?

“ఎడమ అంటే ఎడమే. దానికి పోర్టు అని ఇంకో పేరెందుకే? ఉన్న పేరు అరిగిపోయిందా?”

“మనిషి ఎడమ కాదు అమ్మమ్మా, పడవ ఎడమ. తెడ్లు వేసేవాళ్ళు వెనక్కి తిరిగి కూర్చుంటారు. అప్పుడు పోర్టు వాళ్ళ కుడిచేతి వైపు ఉంటుంది.”

“వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటారా? ఎవరు చెప్పారే మీకీ విద్య?”

“మా మాస్టారు. ఓడల మీద పదిహేనేళ్ళు పనిచేశాడు.”

“పదిహేనేళ్ళూ వెనక్కే చూశాడన్నమాట.”

మిరపకల్లంలో, ఎండిన కాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరి పక్కకు వేస్తూ నేనూ మా మనవరాలూ పడ్డ గొడవ ఇది. రెండువేల మూడో నాలుగో అయ్యుంటుంది. అది నా కూతురి కూతురు. మా అల్లుడు చీమకుర్తిలో రాయి కోసే చోట పని చేసేవాడు. ఆ దుమ్ముకి పిల్లకి దగ్గు పట్టుకుంటే, అయిదో ఏట పర్చూరు దగ్గర మా ఊరికి తెచ్చి నా దగ్గర వదిలారు. ఇక్కడ దుమ్ముకి బదులు మిరపకాయ ఘాటు ఉంటుంది. దానికి మాత్రం పిల్ల అలవాటు పడింది.

చీరాల కాలేజీలో చేరాక అక్కడ ఓ కవాతు జట్టులో పేరిచ్చింది. ఓడల వాళ్ళలాగా తెల్లబట్టలు, తెల్లటోపీ. నల్లరేగడి ఊళ్ళ పిల్లలకి తెల్లబట్టలు పెట్టిన పెద్దమనిషి ఒక్కసారైనా సబ్బుబిళ్ళ పట్టుకున్నాడా అని నాకు అనుమానం. ఏడాదిగా వాళ్ళు మట్టి మీదే ఓడ నడిపారు. ఎడమ కాలు, కుడి కాలు, సెల్యూటు. ఇప్పటికి నిజంగా పడవెక్కే రోజు వచ్చింది. ఆదివారం పొద్దున, వేటపాలెం అవతలి ఉప్పునీటి కాలువలో.

ఆ జట్టులో ఆడపిల్లలు పన్నెండుమంది. తెడ్లు అయిదు. గట్టు మీద మాస్టారు పడవ మాటలు అడుగుతాడట, తడబడకుండా చెప్పిన అయిదుగురు ఎక్కుతారట, మిగతావాళ్ళు ఒడ్డున నిలబడి చప్పట్లు కొడతారట. మా పిల్ల చప్పట్లు కొట్టడంలో ఆరితేరింది. బడిలో ఏ ఆటకీ దాన్ని ఎవరూ పిలవలేదు. చున్నీలు, చెప్పులు కాపలా కాయమని మాత్రం పిలిచేవాళ్ళు. ఈసారి తనే ఎక్కాలని వారం రోజులుగా అన్నం ముందు కూడా పెదాలు కదుపుతూ కూర్చుంది. నన్ను చీర అడగలేదు, గాజులు అడగలేదు. “మాటలు అప్పజెప్తాను, పుస్తకం పట్టుకో” అని ఒక్కటే అడిగింది.

నేను మూడో తరగతి దాకా చదివాను. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, ఇంగ్లీషు అక్షరం తెలియదు. అందుకని ఆ మాటలన్నీ తెలుగులో రాసిచ్చింది. కొత్త నోటుపుస్తకం నేను కొననిస్తే కదా, ఇంటర్ లెక్కల పుస్తకంలో మిగిలిన ఖాళీ కాగితాల మీద రాసింది. పడవ ముందు భాగం బో. వెనక భాగం స్టెర్న్. తెడ్డు ఓరు. చుక్కాని రడ్డరు. తెరచాప సెయిలు, దాన్ని నిలబెట్టే కొయ్య మాస్టు. పడవెక్కాక తాడుని తాడు అనకూడదట, చేసే పనినిబట్టి ఒక్కోదానికి ఒక్కో పేరట. మా ఇంట్లో ఒక్క తాడే బావిలో నీళ్ళు తోడింది, గేదెని కట్టింది, బట్టలు ఆరేసింది. నాకు వేరే పేరు పెట్టమని ఏ రోజూ అలగలేదు. తాడుకి వేసే ముడులకీ పేర్లే. ఒక ముడి వేసి చూపించి దానికి ఇంత పొడుగు పేరు చెప్పింది. మిరపకాయల టిక్కీ, అదే బస్తా, మూతి కట్టేటప్పుడు మా కూలీలు మాట్లాడుకుంటూ, చూడకుండా వేసే ముడి అది.

అన్నీ గడగడా చెప్పింది. చిక్కల్లా పోర్టు దగ్గరే. పోర్టు ఎటు అంటే ఒక చెయ్యి, పడవ కుడివైపుకి పేరు స్టార్‌బోర్డు, అది ఎటు అంటే మళ్ళీ అదే చెయ్యి. వెనక్కి తిప్పి కూర్చోబెట్టి అడిగితే రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

“కాలేజీ చదువుతున్నావు, ఏ చెయ్యి ఏదో తెలియదా? నిన్ను పడవెక్కిస్తే చీరాల బదులు చెన్నపట్నం చేరుస్తావు” అన్నాను.

చేతిలో కాయలు కుప్పలో పడేసింది. గొంతు మాత్రం పెంచలేదు.

“ఎట్టా తెలుస్తుంది అమ్మమ్మా? చిన్నప్పుడు నా ఎడమచెయ్యి తువ్వాలుతో కట్టి అన్నం పెట్టేదానివి. ఎడమ అంటే చాలు, ఇప్పటికీ ఆ చెయ్యి వెనక్కి పోతుంది. రెండోది లేస్తుంది.”

అబద్ధం కాదు. పుట్టుకతో దానిది ఎడమచేతివాటం. రెండేళ్ళు కట్టి కట్టి మాన్పించాను. అన్నం కుడిచేత్తోనే తినాలని ఇప్పటికీ అంటాను. ఆ పూట మాత్రం అది పడేసిన కాయలు నేనే ఏరాను. పిల్ల కళ్ళు తుడుచుకుంది. కారం వేళ్ళు కంటికి తగలకూడదని మా ఊరి పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు, మోచేతి పైభాగంతో తుడుచుకుంది.

మా ఆయన అవతల కాయలు తిరగేస్తున్నాడు. నలభయ్యేళ్ళలో నా గొడవల్లో ఒక్కదానికీ అడ్డం రాని మనిషి. పని ఆపి, కల్లం పక్కన కాడి నేలకి ఆనించి ఉన్న ఎద్దులబండి దగ్గరికి వెళ్ళాడు. ట్రాక్టరు పిలవడం మొదలెట్టాక ఎద్దులు అమ్మేశాం, బండిని కొనేవాడు దొరకలేదు.

“ఇటు రావే. దాపటెద్దుని ఎటు కట్టేవాళ్ళం?”

పిల్ల ఆలోచించకుండా చూపించింది. కాడికి ఎడమవైపు ఎద్దు దాపట, కుడివైపుది వలపట. చిన్నప్పుడు ఆ బండి మీదే పొలానికి వెళ్ళేది.

“ఎక్కి వెనక్కి తిరిగి కూర్చో. ఇప్పుడు దాపట ఎటు?”

మళ్ళీ అటే చూపించింది.

“నువ్వెటు తిరిగినా ఎద్దు చోటు మారదు. పడవైనా అంతే అయ్యుంటుంది” అని మళ్ళీ కాయల్లోకి వెళ్ళిపోయాడు. నాకు కోపం వచ్చింది. అంత తెలివి ఉన్నవాడు నలభయ్యేళ్ళు ఎక్కడ దాచుకున్నాడు?

పొద్దు వాలేదాకా పిల్ల బండి మీద వెనక్కి తిరిగి కూర్చుని, రెండు పత్తికట్టెలు తెడ్లుగా పట్టుకుని లాగింది. నేను కింద నిలబడి పోర్టు, స్టార్‌బోర్డు అని కేకలు పెట్టాను. నేను పోర్టు అంటే అది దాపట అని పైకే అనుకుని ఆ కట్టె లాగేది. దారిన పోతూ పక్కింటి కోడలు ఆగింది.

“ఏం పిన్నీ, బండి సముద్రానికి ఎప్పటికి చేరుద్ది?”

“నీ ఇంట్లో పొయ్యి వెలిగేలోపు చేరుద్ది, ఎళ్ళు” అన్నాను.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకి నేనూ వెళ్ళాను. కాలువ గట్టు మీద పిల్లలు తెల్లగా వరసలో నిలబడ్డారు. మా పిల్ల వంతు వచ్చింది. మాస్టారు పోర్టు ఎటు అని అడిగాడు. పడవకి సరైన వైపే వేలు పెట్టి చూపించి, “దాపట సార్” అంది. మిగతా పిల్లలు నవ్వారు. అదేం మాట అన్నాడు మాస్టారు. పిల్ల నా వైపు చూడలేదు. “పోర్టు సార్” అని దిద్దుకుంది. ఆయన దాన్ని వెనక్కి తిప్పి అడిగాడు, పక్కకి తిప్పి అడిగాడు. మూడుసార్లూ తప్పలేదు. తాడు సంగతి అడిగితే ఒక పేరు మర్చిపోయింది. మాస్టారు తన మార్కుల కాగితం చూసుకుని, అయిదో తెడ్డు దానికిచ్చాడు.

తొమ్మిదింటికి పడవ కదిలింది. గడగడా అప్పజెప్పి మొదటి చోటు సంపాదించిన పిల్ల తెడ్డు తప్పు వేస్తే, పడవ ఒకసారి తుంగలోకి దూరింది. కర్రతో నెట్టి బయటికి తీశారు. వంతెన దాకా వెళ్ళి తిరిగి వచ్చారు. మా పిల్ల అరచేతులు బొబ్బలెక్కాయి, బట్టలు మోకాళ్ళ దాకా బురదయ్యాయి. పదకొండు గంటల బస్సులో దానికి కిటికీ పక్కన చోటు దొరికింది, నేను పర్చూరు దాకా నిలబడ్డాను.