గవ్వ చేతికొచ్చేదాకా

మా మేనత్త సువార్తమ్మ వరంగల్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరు. ధైర్యం గల మనిషని అందరూ అనుకునేవారు. నాకు తెలిసి అంత భయస్థురాలు మా వాడకట్టులోనే లేదు. 1978లో ఆమె భయమంతా అనసూయ గురించే.

అనసూయ మట్టెవాడ కిరాణా దుకాణం రాజేశ్వరి పెద్ద కూతురు, ఏడేళ్లది. కుదురుగా కూర్చోదు. ఎవరినీ మాట పూర్తి చేయనివ్వదు. ఆడుకునే పిల్లల మధ్యలో దూరి ఆట చెడగొడుతుంది. ఇప్పుడు డాక్టర్లు దీన్ని ఏడీహెచ్‌డీ అంటున్నారు. అప్పుడు మనవాళ్లు పెట్టిన పేరు పొగరు. దసరా సెలవుల్లోగా మారకపోతే పేరు కొట్టేస్తానని హెడ్మాస్టరు కిషన్ రావు తేల్చి చెప్పాడు.

అత్త రోజూ సాయంత్రం ఆ పిల్లను మా ఇంటికి పిలిపించి, ఇంకో ఇద్దరితో అష్టాచెమ్మా ఆడించేది. మూడేళ్ల చెల్లెలు కూడా వెంట వచ్చేది. గవ్వలు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే వేయాలి. తర్వాత మాటకూ అదే పద్ధతి పెట్టింది: గవ్వ చేతికొస్తేనే మాట్లాడాలి. మొదట్లో అనసూయ గవ్వలు విసిరికొట్టి ఏడ్చేది. నెల తిరిగేసరికి చేయి చాపి, పెదాలు బిగబట్టి ఆగడం నేర్చింది.

సెలవులకు ముందు కిషన్ రావు స్వయంగా చూడటానికొచ్చాడు. అత్త చాయ్ ఇచ్చింది. ఆయన బడి ముచ్చట్లు మొదలుపెట్టాడు. అంతలో పెరట్లోంచి అనసూయ పరుగెత్తుకొచ్చి, ఆయన ముందు ఆగి చేయి చాపింది. ఒళ్లంతా వణుకుతోంది గాని నోరు తెరవలేదు.

"చూసిండ్రా సార్, ఎట్ల ఆగిందో!" అంది అత్త పొంగిపోతూ.

"మంచిగ మారింది," అని మెచ్చుకుని ఆయన తీరిగ్గా చాయ్ పూర్తి చేశాడు. అప్పుడు అత్త గవ్వ ఇచ్చింది.

"చెల్లె బాయి గోడెక్కింది," అంది అనసూయ.

ఎలా పరుగెత్తామో నాకు గుర్తులేదు. చిన్నది బావి గోడ మీద బోర్లా పడుకుని నీళ్లలోకి తొంగి చూస్తోంది. అత్త దాని గౌను పట్టి వెనక్కి లాగి, అక్కడే కూలబడింది.

అనసూయ దగ్గరికొచ్చింది. గవ్వ ఇంకా గుప్పిట్లోనే ఉంది.

"నేను మంచిగ ఆగిన గదా, టీచర్?"

"ఆగినవ్ బిడ్డా. తప్పు నాది. భయమైతే గవ్వ అక్కర్లేదు. ఒర్రు, గట్టిగ ఒర్రు," అని అత్త ఏడ్చింది.

అనసూయ పేరు బడిలో నిలిచింది. తర్వాత పదేళ్లపాటు అలాంటి పిల్లలు అత్త దగ్గరికొస్తూనే ఉన్నారు. గవ్వలు బయటికి తీయకముందే వాళ్లకు గట్టిగా అరవడం నేర్పేది. ఆ కేకలకు వాడకట్టంతా తిట్టుకునేది. అత్త మాత్రం చెవులు రిక్కించి వినేది.