ఎడమ పక్క ఎవరు చూశారు

మా నాన్నగారు ముమ్మిడివరం మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. ఎవరైనా ఆయన దగ్గర దెయ్యం మాట ఎత్తితే మూడు ప్రశ్నలు వేసేవారు. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, అప్పటికి భోజనం అయిందా లేదా. మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి దెయ్యం తోక ముడిచేది. నేనూ ఆ ఇంట్లో పెరిగినవాణ్ణే. శ్మశానం పక్కన క్యాంపు వేసుకుని నెలల తరబడి పడుకున్నాను, కుక్కల గోల తప్ప ఏమీ వినలేదు.

ఇప్పుడు చెప్పబోయేది దెయ్యం కథని నేనూ అనను. ఎందుకంటే ఇందులో ఎవరూ చచ్చిపోలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

కోనసీమలో రైలేమిటి అని నవ్వుతారని తెలుసు. మాకు రైలెక్కాలంటే గోదావరి దాటాల్సిందే. కానీ డెబ్భైల ఆఖర్లో, కొత్తపేటకి ఎగువన గౌతమి గట్టు బలపరిచే పని జరిగినప్పుడు, రెండు వేసవులపాటు మాకూ ఓ రైలుండేది. పట్టాల మధ్య రెండున్నర అడుగుల ఎడం. రేవులో పంటు మీద, అంటే పెద్ద బల్లకట్టు మీద, వచ్చి దిగిన నల్లరాయిని గట్టు వెంబడి ఎగువన గండి పడ్డ చోటికి చేర్చడం దాని పని. కంట్రాక్టరు ఎక్కడో ఎత్తేసిన లైను నుంచి ఓ పాత ఆవిరి ఇంజను కొనుక్కొచ్చాడు. దాని పొగగొట్టం చూసి ఊళ్ళో పిల్లలు 'కాఫీ హోటలు' అని పేరు పెట్టారు.

నేను డిప్లొమా చదివి ఆ కంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరాను. నాకు ఇరవై నాలుగేళ్ళు. రాయి పేర్చేచోట నిలబడాల్సినవాణ్ణి, ఎండకి తాళలేక ఇంజనులో తిరుగుతూండేవాణ్ణి. అక్కడ మాత్రం చల్లగా ఉంటుందా అంటే ఉండదు. ఎదురుగా పొయ్యి, కాళ్ళ కింద కాలే రేకు. అయినా కోనసీమ వాడికి ఇంజనులో నిలబడడమంటే గుర్రం ఎక్కినంత సంబరం.

డ్రైవరు వెంకట్రాజుగారు. పెద్ద రైళ్ళు నడిపి రిటైరయిన మనిషి. కుడిపక్క, అంటే గోదారి వైపు నిలబడేవారు. ఎడమపక్క పొయ్యి చూసే మనిషి ఏసుదాసు. కాట్రేనికోన అతనిది. అంతకుముందు లాంచీ ఇంజను దగ్గర పనిచేశాడు. చిన్నప్పుడు మా నాన్నగారి దగ్గర నాలుగు అక్షరాలు నేర్చుకున్నాడు కాబట్టి నన్ను మాస్టారబ్బాయిగారు అనేవాడు.

దారి మధ్యలో గట్టు కాస్త ఎత్తెక్కుతూ ఎడమకి మెలి తిరుగుతుంది. అక్కడ డ్రైవరుకి ముందు ఏముందో కనబడదు. బాయిలరు అడ్డం. అందుకని మలుపుకి ముందు ఓ రాయికి సున్నం కొట్టించారు రాజుగారు. ఆ తెల్లరాయి దగ్గర కూత వేసి, "ఎడమ?" అని అడిగేవారు. ఏసుదాసు కమ్మీ పట్టుకుని ఒళ్ళంతా బయటికి వేలాడేసి చూసేవాడు. చూసి, ఇంజను రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, "ఖాళీ అండీ" అనేవాడు. లాంచీలో వాళ్ళకి అలా కొట్టి చెప్పడం అలవాటట. ఆ రెండు దెబ్బలూ ఆ మాటా వింటేనే రాజుగారు ముందుకి పోనిచ్చేవారు. లేకపోతే బ్రేకే.

ఈ జాగ్రత్త ఊరికే కాదు. మా వైపు ఆడవాళ్ళు ఎండ తగిలే జానెడు నేలని వదలరు. ఆ పట్టాల మధ్య పోసిన కంకర మీద కొబ్బరి చిప్పలు బాగా ఎండుతాయని కనిపెట్టారు. మెలి దగ్గర ఇళ్ళవాళ్ళయితే రోజూ అక్కడే పరిచేవారు. కూత వినబడగానే చాపలతో సహా లాగేసుకుని, బండి పోయాక మళ్ళీ పరిచేవారు. ఎన్నిసార్లు కేకలేసినా "ఆయ్, తీసేత్తామండి" అనేవారు. తీసేవారు కూడా. కూత ఒక్కటే వాళ్ళ గడియారం.

రెండో వేసవి చివర్లో ఏసుదాసుకి మస్కట్ వీసా వచ్చింది. వెళ్ళేముందు ఇంజనుకి దణ్ణం పెట్టి, నాతో, "ఎడమ పక్క జాగర్తండి, మాస్టారబ్బాయిగారు. రాజుగారు మన నోరే చూత్తారు" అన్నాడు. కొత్త మనిషి దొరికేదాకా వారం రోజులు ఆ చోట నేను నిలబడతానని నేనే అన్నాను. రెండు వేసవులు చూశాను కదా, ఇందులో బ్రహ్మవిద్య ఏముంది అనుకున్నాను.

మృగశిర కార్తె వచ్చింది. రెండు రోజులు ముసురు పట్టింది. ఎగువన వానలు పడి గోదారిలో ఎర్రనీళ్ళు దిగుతున్నాయి. గండి పూర్తిగా మూతపడలేదు. బొగ్గు అయిపోయింది. సరుగుడు కట్టెలూ, కొబ్బరికాయలు ఒలిచిన డొక్కలూ వేసి నడుపుతున్నాం. అవీ తడిసిపోయాయి. మూడోరోజు పొద్దున్న పదింటికి ఎండ కాసింది.

పన్నెండు కావొస్తుండగా రాయి వేసుకుని బయల్దేరాం. డొక్కలు మండవు, పొగ మాత్రం ఇంజనంతా నిండింది. ఆవిరి లేదు. ఆవిరి కొలిచే ముల్లు సగానికి కూడా రావడం లేదు. తెల్లరాయి దగ్గరికి వస్తుండగా రాజుగారు, "ఇయ్యాళ కూత వెయ్యనయ్యా. ఉన్న ఆవిరి దానికే పోతే మెలి దగ్గర ఎక్కలేం. నువ్వు బాగా చూడు" అన్నారు.

నేను పొయ్యి ముందు వంగి ఉన్నాను. డొక్కలు తలుపుకి అడ్డంపడి లోపలికి పోవడం లేదు. కట్టెతో తోస్తున్నాను. కళ్ళవెంట నీళ్ళు. "ఎడమ?" అని వినిపించింది.

నేను లేవలేదు. వంగినచోటి నుంచే "ఖాళీ అండీ" అన్నాను.

ఈ వాక్యం రాయడానికి నాకు నలభై ఏళ్ళకి పైగా పట్టింది.

అన్న మరుక్షణం నా భుజం వెనకాల రేకు మీద రెండు చప్పుళ్ళు విన్నాను. పేర్చిన కట్టెలు జారి తగిలాయనుకున్నాను. అంతే, రాజుగారు ఆవిరి కట్టేసి బ్రేకు చక్రం తిప్పేస్తున్నారు. వెనకాల రాళ్ళ బళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఇంజన్ని తోశాయి. నేను కట్టెల మీద పడ్డాను. చక్రాలు అరుచుకుంటూ కొంత దూరం పోయి నిలిచాయి.

దిగి చూశాం. పట్టాల మధ్య చాప, చాప నిండా కొబ్బరి చిప్పలు. కాకుల్ని తోలేవాళ్ళ కోసం పాతిన తాటాకు గొడుగు. గొడుగు నీడన మూడేళ్ళ పిల్ల నిద్రపోతోంది. పిల్లకీ ఇంజనుకీ మధ్య నా అడుగులు నాలుగు. నేనే వేసి చూశాను.

పిల్ల పేరు మంగ. వాళ్ళ మామ్మ సూరమ్మగారు కాకుల్ని తోలమని కూర్చోబెట్టి బిందె పట్టుకుని వెళ్ళారట. కూత రాలేదు కాబట్టి బండీ రాదనుకున్నారు. బిందె అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చి పిల్లని ఎత్తుకున్నారు. పిల్ల లేచి, ఇంజన్ని చూసి, మళ్ళీ భుజం మీద తల పెట్టేసుకుంది.

రాజుగారు నా వీపు మీద తట్టి, "మంచి చూపయ్యా నీది" అన్నారు. తర్వాత బీడీ ముట్టించుకుని, "ఆపండి అన్నావు చూశావూ, అచ్చం ఏసుదాసు గొంతే. రేకు మీద కొట్టడం కూడా నేర్చేసుకున్నావు" అన్నారు.

నేను ఆపండి అనలేదు. రేకు మీద కొట్టలేదు. ఖాళీ అన్నాను. ఆయన అది వినలేదు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. ఈలోగా సూరమ్మగారు వచ్చి నా కాళ్ళ మీద పడ్డారు. నాకంటే మూడింతల వయసు ఆవిడకి. "మా వంశాన్ని నిలబెట్టేరండి బాబూ" అంటున్నారు. ఆవిడని లేపుతూ ఏదో గొణిగాను. ఆ గొణుగుడు మొహమాటమనుకున్నారు అందరూ. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. నాది నేను ఆడకుండానే అతుక్కుపోయింది.

ఆ సాయంత్రం ఇంజను షెడ్డులో పెట్టాక, నాన్నగారి కొడుకుని కాబట్టి, చూడాల్సినవన్నీ చూశాను. డ్రైవరు చోట నిలబడి తొంగి చూస్తే మలుపు వైపు బాయిలరు, కుడివైపు గోదారి. ఇంకేమీ కనబడదు. కట్టెలు జారాయేమో అంటే, నేను పడేదాకా పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయని వెనక బండిలో ఉన్న కూలీలు చెప్పారు. ఎడమ రేకు మసి పట్టి నల్లగా ఉంది. చెయ్యి గుర్తు ఏమైనా ఉందేమోనని లాంతరు పెట్టి వెతికాను. లేదు. ఉంటే ఉందనే చెప్పేవాణ్ణి.

ముసలాయన చెవుల్లో పాత అలవాటు మోగిందని చాలా కాలం సర్దిచెప్పుకున్నాను. కానీ అలవాటే మోగితే 'ఖాళీ అండీ' అని మోగాలి. ఏసుదాసు 'ఆపండి' అన్నది రెండు వేసవుల్లో ఏ నాలుగుసార్లో.

పది రోజుల్లో గండి మూసేశాం. చూడ్డానికి వచ్చిన పెద్ద ఇంజనీరుగారికి సూరమ్మగారు నన్ను చూపించి కథంతా చెప్పారు. ఇలాంటి కళ్ళున్నవాడు డిపార్టుమెంటుకి కావాలన్నారాయన. నాకు వర్క్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం అలా వచ్చింది. ఆ ఉద్యోగంతోనే పెళ్ళి చేసుకున్నాను, ఇల్లు కట్టుకున్నాను, రిటైరయ్యాను. మా నాన్నగారు, లెక్క చెయ్యకుండా జవాబు రాసేవాడు దొంగ అని బోర్డు మీద సుద్దముక్కతో కొట్టి మరీ చెప్పేవారు. నా ఉద్యోగం ఆర్డరు చూసుకుని ఆయన వీధి వీధంతా తిరిగి చెప్పుకున్నారు. ఆయనకి కూడా చెప్పలేకపోయాను. సిగ్గేసింది.

రెండేళ్ళ తర్వాత ఏసుదాసు సెలవుకి వచ్చాడు. ముమ్మిడివరం బస్టాండులో కనబడ్డాడు. మెరిసే చొక్కా, చేతికి గడియారం, పక్కన పెద్ద టేప్‌రికార్డరు పెట్టె. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. టీ తాగాం. రాజుగారి ఆరోగ్యం అడిగాడు. మంగ బాగుందా అని అడిగాడు. అందులో వింత లేదు, వాళ్ళావిడ ఉత్తరంలో రాసి ఉంటుంది.

తర్వాత గ్లాసు కింద పెట్టి, ఎవరూ వినకుండా కొంచెం దగ్గరికి జరిగి, మెల్లిగా అడిగాడు.

"చూడకుండా ఖాళీ అనేసేరేంటండీ?"

ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవరు చెప్తారండీ. మీరన్నారు కదండీ" అన్నాడు. నన్ను తప్పుపడుతున్నట్టు కూడా లేదు. అక్కడ రాత్రి డ్యూటీ చేసి పగలు క్యాంపులో పడుకుని ఓసారి పెద్దగా అరిచాడట. మంచం పట్టీ మీద దబదబా కొట్టాడట. పక్క మంచం మలయాళీ అతను తిట్టి లేపాడట. "కళ్ళు మూత్తే ఎడమ పక్కే చూత్తుండేవోణ్ణండి. అలవాటు పోలేదండి" అన్నాడు. అది ఏ రోజో గుర్తుందా అన్నాను. అక్కడ అన్ని రోజులూ ఒక్కలాగే ఉంటాయన్నాడు. ఇంతలో కాట్రేనికోన బస్సు వచ్చింది. పెట్టె ఎత్తి పైన పెట్టడానికి నేను సాయం పట్టాను.

ఆ మాట అతను మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. రాజుగారు పోయారు, పోయిన క్రిస్మస్‌కి ముందు ఏసుదాసు పోయాడు. సమాధి దగ్గర మట్టి వేస్తూ, ఆ మిట్టమధ్యాహ్నం నా వెనక నిలబడ్డది ఎవరో ఇతన్ని సరిగ్గా అడగలేదే అనుకున్నాను. అడిగినా అతనికి తెలుసునని నాకు నమ్మకం లేదు.

నేను ఇప్పటికీ దెయ్యాల్ని నమ్మను. బతికున్న మనిషి సముద్రం అవతల నిద్రపోతూ నా పని నేను చెయ్యలేదని ఎలా చూశాడో చెప్పమంటే చెప్పలేను. నాన్నగారి మూడు ప్రశ్నలూ వేసుకున్నాను. మొదటిదాని దగ్గరే ఆగిపోతున్నాను.

మంగకి ఇప్పుడు మనవలున్నారు. ప్రతి ఏడూ వాళ్ళ చెట్టు కాయలు ఓ బస్తా మా ఇంటికి వస్తాయి. తన పెళ్ళిలో నన్ను తండ్రి పక్కన కూర్చోబెట్టారు. ఫోన్ చేసినప్పుడల్లా, "మీరు చూడబట్టే కదండీ, బాబాయిగారు" అంటుంది. నేను ఆరోగ్యం ఎలా ఉందమ్మా అని మాట మారుస్తాను.

మంగా, నేను చూడలేదమ్మా.