హాలు పోయి వరండా మిగిలిన ఏడాది

కోనసీమ కొత్త జిల్లా అయిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను కొత్తపేట సబ్‌డివిజన్‌కు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. వాడుకలో డీఈ అంటారు. పైన ఈఈ ఉంటారు, కింద ఏఈలు ఉంటారు, మధ్యలో సంతకాలు ఉంటాయి. ప్రభుత్వ భవనాలు కట్టించడం మా పని అని అందరికీ తెలుసు. వాటిని పడగొట్టవచ్చునని రాసివ్వడం కూడా మా పనేనని అవసరం పడ్డవాళ్ళకే తెలుస్తుంది. పాత బడినైనా ఆస్పత్రినైనా కూల్చాలంటే ముందు డీఈ వెళ్ళి చూసి, అది మనుషులు మసలదగ్గది కాదని నివేదిక ఇవ్వాలి. మేము దాన్ని కండెమ్నేషన్ రిపోర్టు అంటాం. నా సర్వీసులో అలాంటివి చాలా రాశాను. ఒక్కదాని గురించే ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను.

చేరిన కొత్తలోనే ఒకే ఊరి నుంచి రెండు కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. పంట కాలువ గట్టున ఉన్న హైస్కూలు హెడ్మాస్టరుగారు, తమ పాత హాలు వెనక గోడ బీటలిచ్చిందని, అందులో పిల్లలు కూర్చుంటున్నారని, వచ్చి చూడమని రాశారు. రెండోది ఆ ఊరి చరిత్ర సంఘం రాసింది. ఆ హాలు గ్రామ వారసత్వ సంపద గనక దాన్ని ఎవరూ వచ్చి చూడనక్కర్లేదని దాని సారాంశం.

ఆ సంఘం ఆ ఏడాది ఉగాదికే పుట్టింది. నెలకో ఆదివారం గ్రంథాలయం గదిలో కలిసేవారు. అధ్యక్షులు సూర్యారావుగారు. కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరై, కొబ్బరి తోటలు చూసుకుంటున్న పెద్దమనిషి. ఆ హాలు కట్టించింది వారి తాతగారు. కార్యదర్శి రత్నకుమారిగారు. చుట్టుపక్కల బళ్ళలో పనిచేసి ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరైన మనిషి, ఊరి చివర చర్చి పేట వాస్తవ్యురాలు. ఆమె దస్తూరి బాగుంటుందని మినిట్స్ రాయడానికి పెట్టుకున్నారు. ఆమె అభిప్రాయం కూడా బాగుంటుందేమోనని అప్పటికి ఎవరికీ తోచలేదు. మిగిలినవాళ్ళు రైతులు, పింఛనుదార్లు. ఊరి చరిత్రను పుస్తకంగా తేవాలని, బడి శతాబ్ది ఉత్సవం చేయాలని వారి సంకల్పం. బడి ఏ సంవత్సరంలో పెట్టారన్నది తేలక, శతాబ్ది అన్న మాట ఉంచుకుని సంవత్సరాన్ని వదిలేశారు.

నేను వెళ్ళిన రోజు సూర్యారావుగారు గేటు దగ్గరే ఎదురొచ్చి, కొబ్బరి బోండాం ఇచ్చి, హాలు ముందువైపు నిలబెట్టి చూపించారు. చూడటానికి బాగానే ఉంది. ఎత్తైన గోడలు, పెద్ద కిటికీలు, ముందు పొడుగాటి వరండా. లోపల వేదిక వెనక గోడకు తాతగారి పేరున్న చలవరాతి ఫలకం. వెనక్కి వెళ్ళి చూస్తానన్నాను. అటు ముళ్ళకంప ఉందని, చూసేదేమీ లేదని అన్నారు. నేను వెళ్ళాను. ముళ్ళకంప నిజమే. గోడ పొట్ట బయటికి తోసుకొచ్చిన మాటా నిజమే. దారానికి గుండు కట్టి వేలాడదీస్తే గోడ కాలువ వైపు ఎంత వాలిందో కంటికే తెలిసింది.

వాలిన ప్రతి గోడనూ పడగొట్టనక్కర్లేదు. కొన్ని గోడలు ఒకప్పుడు కొంచెం వాలి, అక్కడే ఆగిపోయి, మనకంటే ఎక్కువ కాలం ఉంటాయి. అది ఇంకా కదులుతోందా లేదా అన్నదే తేల్చుకోవాలి. అందుకు బీటకు అడ్డంగా సన్నటి గాజు పట్టీలు అతికిస్తాం. గోడ కదిలితే గాజు పగులుతుంది, కదలకపోతే ఉంటుంది. అంతకంటే చవకైన, అబద్ధం చెప్పని పరికరం మా శాఖలో నేను చూడలేదు. ఆ రోజే పట్టీలు పెట్టించి, తరగతులు వేరేచోటికి మార్చమని హెడ్మాస్టరుగారికి రాసిచ్చాను.

ఆ తర్వాత గోదావరికి వరద వచ్చింది. లంకల్లో పనులతో మాకు ఊపిరాడలేదు. వరద తగ్గాక వెళ్ళి చూస్తే పట్టీలు పగిలి ఉన్నాయి. ఆ నెల సమావేశానికి నన్ను పిలిచారు. శాలువా కప్పారు. కప్పాక, నన్ను సంఘానికి సాంకేతిక సలహాదారుగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నట్టు చెప్పారు. తర్వాతి అంశంగా, గాజు పట్టీలను పిల్లలు ఆడుకుంటూ పగలగొట్టినట్టు తీర్మానించారు. సలహాదారును నా ఎదుటే పక్కన పెట్టేశారన్నమాట. కొత్త పట్టీలు పిల్లలకు అందనంత ఎత్తున పెట్టించాను. కార్తీకం వానలకు అవీ పగిలాయి. ఈసారి ఉడతలని తీర్మానించారు. రత్నకుమారిగారు ఆ మాట కూడా తన ముత్యాల అక్షరాల్లో రాసుకున్నారు.

వానలు వెలిసిన ఒక సెలవు రోజున వెనక గోడలోంచి ఒక దూలం కొస జారి, పెంకులతో సహా కింద పడింది. లోపల ఎవరూ లేరు. బల్లలు మాత్రం నుగ్గయ్యాయి. అవి అక్కడ ఉన్నది తరగతులు మార్చాక వాటిని మోసుకుపోవడానికి ఎవరూ దొరకకపోవడం వల్ల. ఆ బల్లలను చూశాక ఉడతల తీర్మానం మీద సభ్యుల్లో సగంమందికి నమ్మకం పోయింది. మిగిలిన సగం బల్లలను చూడటానికి రాలేదు.

సంక్రాంతి వెళ్ళాక సంఘం అత్యవసరంగా కలిసింది. హాలును నిలబెట్టే మార్గం చెప్పమని నన్ను అడిగారు. వెనక గోడ కింద ఒకప్పటి చెరువును పూడ్చిన మట్టి ఉందని, పునాది ఆ మట్టితో పాటు దిగిపోతోందని, కప్పు బరువంతా ఆ గోడ మీదే ఉందని, గోడను నిలబెట్టాలంటే కప్పు విప్పాలని, కప్పు విప్పితే మిగతా గోడలు కూడా ఆగవని వివరించాను. పుస్తకం అట్ట మీద హాలు బొమ్మ అప్పటికే వేయించారట. ఒకాయన ఆ సంగతి గుర్తుచేశారు.

అప్పుడు రత్నకుమారిగారు కలం మూసి పక్కన పెట్టారు. వరండా సంగతేమిటని నన్ను అడిగారు. వరండాను విడిగా పరిశీలించమని నన్నెవరూ అడగలేదని, హాలుతో పాటే లెక్కలోకి వస్తుందని చెప్పాను.

"ఓసారి చూడండి మేడమ్‌గారూ," అన్నారామె. "మా నాన్నగారు ఆ వరండాలో కూర్చునే చదువుకున్నారండి. పేట పిల్లల్ని లోపలికి రానిచ్చేవోరు కాదు. కిటికీలోంచి బోర్డు కనపడినంతవరకే చదువండి. హాలు సంగతి నాకు తెలీదు. మా వాళ్ళెవరూ అందులో కూర్చోలేదు."

సూర్యారావుగారు నొచ్చుకున్నారు. అలాంటిదేదీ బడి చరిత్రలో లేదని, పుస్తకం కోసం తాము సేకరించిన వ్యాసాల్లో ఒక్కరైనా ఆ మాట రాయలేదని మర్యాదగానే అన్నారు.

"ఆయ్," అన్నారు రత్నకుమారిగారు. "రాసినవోళ్ళందరూ లోపల కూర్చున్నారండి."

ఆమె కలం తెరిచి, ఆ మాటను కూడా మినిట్స్‌లో రాసుకున్నారు.

మర్నాడే వరండా పక్కన పరీక్ష గొయ్యి తవ్వించాను. పునాది ఎంత లోతుంది, ఏ మట్టి మీద కూర్చుంది అన్నవి చూడాలంటే అదొక్కటే దారి. కాలువకు దూరంగా, గట్టి నేల మీద, కింద ఇసుక పరిచి వేసిన పునాది అది. హాలు కట్టాక ఎప్పుడో వేరే మేస్త్రి చేత కలిపి కట్టించినట్టుంది. ఒక్క స్తంభం వాలలేదు. వాసాలను సుత్తితో తట్టి చూస్తే ఎక్కడా డొల్ల చప్పుడు రాలేదు. హాలు ముందు గోడకు పగుళ్ళు లేవు. దాన్ని ఒక ఎత్తు వరకు కోసి, వెనక దన్నుగా ఊతగోడలు కడితే వరండా కప్పు దాని మీద నిక్షేపంగా నిలుస్తుంది. అదే రాశాను. హాలు తొలగించవలెను, వరండా ఉంచవలెను.

మా ఈఈగారు ఫోన్ చేసి, బడి పడగొట్టి వరండా ఉంచడమేమిటి, జోకా అని అడిగారు. మా ధరల పట్టికలో భవనం కూల్చడానికి ఐటమ్ ఉంది, ఒక ముక్క కూలకుండా చూడటానికి లేదు. నేను గొయ్యి ఫొటోలు పంపాను. ఆయన మంచి ఇంజనీరు. ఫొటోలు చూశాక, ఐటమ్ లేకపోతే మనమే తయారుచేద్దామన్నారు.

నివేదిక పైకి వెళ్ళకముందే సూర్యారావుగారు మా ఆఫీసుకు వచ్చారు. ఒత్తిడి తేవడానికి వచ్చారనుకున్నాను. ఆయన కుర్చీ అంచున కూర్చుని, హాలుకు ఇంకో పదేళ్ళు ఇవ్వలేనా అని అడిగారు. ఇవ్వడానికి ఆ పదేళ్ళు నా దగ్గర లేవని చెప్పాను. అయితే రెండూ కలిపి తీసేయమన్నారు. ఎందుకని అడిగాను.

"తాతగారి హాలు పోయి వరండా మిగిలితే, దేవుడే తీర్పు చెప్పేడంటారండి జనం," అన్నారాయన.

అది దేవుడి తీర్పు కాదని, పూడ్చిన చెరువు మట్టి అని చెప్పాను. ఆయన తల ఊపారు. తాతగారు ఎవరినీ లోపలికి రావద్దని చెప్పిన మనిషి కాదని అన్నారు. వెంటనే, రమ్మని చెప్పినట్టు కూడా తాను వినలేదని అన్నారు. ఆ రెండో మాట నేను అడగకుండానే వచ్చింది. టీ తెప్పిస్తే తాగి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన ఎక్కడా అభ్యంతరం రాయలేదు.

వేసవి సెలవుల్లో హాలు విప్పారు. పెంకులు, దూలాలు, గోడలు ఆ వరుసలో తీయాలి. తొందరపడి గోడ మీదికి వెళితే వరండా కూడా పోతుంది. ఏఈని అక్కడే ఉంచి చేయించాను. పనివాళ్ళు చలవరాతి ఫలకాన్ని పగలకుండా దించి సూర్యారావుగారికి అప్పగించారు. ఆయన దాన్ని స్కూటర్ మీద ఇంటికి తీసుకెళ్ళారు.

పుస్తకం అట్ట మార్చారు. లేని హాలు కంటే ఉన్న వరండా నయమని అందరూ ఒప్పుకున్నారు. రత్నకుమారిగారు వరండా మీద ఒక అధ్యాయం రాశారు. అందులో "లోపలికి రానివ్వలేదు" అన్నచోట సంపాదక వర్గం "వరండాలో విద్యనభ్యసించారు" అని దిద్దింది. ఆమె వాదించలేదట. ప్రూఫులు చూసే పనిని కూడా దస్తూరిలాగే ఆమెకే అప్పజెప్పారు. పుస్తకంలో ఆమె మాటే అచ్చయింది. ముందుమాటలో మాత్రం, వరండా విశిష్టతను తొలినాళ్ళలోనే గుర్తించి కాపాడిన ఘనత చరిత్ర సంఘానిదని ఉంది.

బడులు తెరిచాక ఆవిష్కరణ సభ పెట్టారు. వరండాయే వేదిక. హాలు ఉన్న చోట నేల చదును చేసి, షామియానా వేసి, జనానికి కుర్చీలు వేశారు. వరండాలో చోటు తక్కువ, కూర్చోవాలనుకున్న పెద్దలు ఎక్కువ. ఎవరి పేరు పిలవలేదని ఎవరు అలిగారో నాకు గుర్తులేదు గాని, సభ ఆలస్యం కావడానికి కారణం అదే. మొదటి వరసలో ముఖ్య అతిథికీ అధ్యక్షుడికీ మధ్య కార్యదర్శికి ఒక కుర్చీ అట్టేపెట్టారు. రత్నకుమారిగారు మెట్ల దాకా వచ్చి, పుస్తకాల కట్ట అందించి, వెనుదిరిగి షామియానా కింద నా పక్కన వచ్చి కూర్చున్నారు. సూర్యారావుగారు స్వయంగా దిగివచ్చి, "రండి టీచరుగారూ, మీ చోటు పైనండి," అన్నారు.

"ఉండనివ్వండి," అన్నారామె, కాళ్ళ కింద నేలను ఓసారి చూసి. "లోపల కూర్చోవడం ఇదే మొదటిసారండి."

ఆయన తిరిగి పైకి వెళ్ళి, ఆ ఖాళీ కుర్చీ పక్కనే సభ అయ్యేంతవరకు కూర్చున్నారు.

మరుసటి ఏడాది నేను రిటైరయ్యాను. నా నివేదిక న్యాయం చేసిందని కొందరు, పక్షపాతం చూపిందని కొందరు ఇప్పటికీ అంటారు. రెండూ కావు. ఒక కట్టడంలో ఏ భాగం నిలుస్తుందో ఇంజనీరు చెప్పగలడు. ఏ భాగం నిలవాలో చెప్పలేడు. అది చెప్పగలిగినవాళ్ళను ఎవరో ఒకరు అడగాలి. లేదా వాళ్ళు అడిగినప్పుడు వెళ్ళి గొయ్యి తవ్వి చూడాలి.