గోరు దిగని రబ్బరు

పర్చేజ్ అక్క రబ్బరు రింగును రెండు వేళ్ల మధ్య పట్టుకుని బొటనవేలి గోరు గుచ్చింది. గాటు పడింది. ఎంతసేపు చూసినా పూడలేదు. దాన్ని పక్కన పడేసి ఇంకోటి తీసుకుంది. అదీ అంతే.

"ఎన్నింటికి గుచ్చుతావమ్మా? అది రబ్బరా, నా తోలా?" అన్నాడు మోల్డు బాబాయి. అచ్చుల్లో రబ్బరు నొక్కి ఉడికించి సామాన్లు చేసే ఆ చిన్న వర్క్‌షాపు ఆయనదే.

"నీ తోలైతే గోరే విరిగేది బాబాయ్."

ప్రెస్సు దగ్గరున్న మనిషి ఫక్కున నవ్వాడు.

నీటి పంపులు చేసే కంపెనీలో కొనుగోళ్లన్నీ ఆవిడవే, అందుకే ఆ పేరు. స్టోరులో పెట్టెలు విప్పుతూ మొదలుపెట్టి, ఏ సరుకైనా చేత్తో చూసి చెప్పగలిగే దాకా నేర్చుకుంది. పంపులోంచి నీరు కారకుండా ఆపేది ఈ రింగే. చవగ్గా వస్తున్నాయని ఓనరు వాటిని సముద్రం అవతలి ఒకే ఒక్క కంపెనీ నుంచి తెప్పించేవాడు. దగ్గర్లో ఇంకొకరిని కూడా పెట్టుకుందామని అక్క అడిగినప్పుడల్లా "చూద్దాంలే" అనేవాడు. ఇప్పుడు ఓడల దారి మూతబడి సరుకు ఎక్కడో రేవులో ఇరుక్కుంది. రేపు సాయంత్రానికి పంపులు నీళ్ల ఆఫీసుకు అప్పగించకపోతే ఆర్డరు పోతుంది, దాంతో కంపెనీ షెడ్డులో సగంమందికి పనీ పోతుంది.

"వారం కిందటే ఈ రింగులకు ఆర్డరు కాగితం పంపాం కదా, ఎందుకు పక్కన పెట్టావు?" అడిగింది అక్క.

"మీ కాగితాలన్నిటి మీదా అర్జెంటని ఎర్రముద్రే! బల్ల కాళ్ల కింద పెట్టే రబ్బరు ముక్కలక్కూడా అర్జెంటే. దేన్ని నమ్మమంటావు?"

"మరి ఈసారి?"

"ఈసారి నువ్వే వచ్చి నా నెత్తిన కూర్చున్నావుగా, నమ్మాను. అందుకే గబగబా తీయించాను."

అక్క చెయ్యి ఆగింది. "గబగబానా? పూర్తిగా ఉడక్కముందే మోల్డు విప్పించావా?"

బాబాయి చెవి గోక్కున్నాడు. "తొందరన్నది నువ్వేగా!"

"తొందర నాకు బాబాయ్, రబ్బరుకి కాదు. దానికి ఎంతసేపు కావాలో అంతసేపూ ఉండనీ."

ఓనరు నుంచి ఫోను వచ్చింది. అక్క ఎత్తలేదు. మళ్లీ మోగితే ఫోనును బోర్లా పెట్టి, ప్రెస్సు ముందు స్టూలు లాక్కుని కూర్చుంది. కొత్త రబ్బరు పెట్టి, ఈసారి పూర్తిగా ఉడికేదాకా మోల్డు మూసే ఉంచారు. మోల్డు తెరుచుకోగానే ఆవిరి ముఖానికి కొట్టింది. రింగు చల్లారాక అక్క గోరు నొక్కింది. దిగలేదు. మెలితిప్పి వదిలితే టప్పున గుండ్రంగా నిలబడింది.

"ఇదీ సరుకంటే!" అని బాబాయి వీపు చరిచింది.

"చంపేశావే తల్లీ!" అన్నాడాయన, పళ్లన్నీ బయటపెట్టి.

వచ్చిన రింగులు వచ్చినట్టే స్కూటరు మీద షెడ్డుకు చేరాయి. ఫిట్టర్లు ముందు పెద్ద పంపులు బిగించారు. నీరు వదిలి ఒత్తిడి పెంచుతుంటే ఓనరే వంగి కింద చేత్తో తడిమాడు. అరచెయ్యి పొడిగా ఉంది.

"ఆ బాబాయికి నెలనెలా ఆర్డరివ్వు. దూరం వాళ్లూ ఉంటారు, ఆయనా ఉంటాడు," అన్నాడు.

"ఎన్నాళ్లకన్నారు సార్!" అంది అక్క. ఫిట్టర్లు ఈలలు వేశారు.

మర్నాడు సాయంత్రం గేటు మూయకముందే లారీ నీళ్ల ఆఫీసు ఆవరణలోకి వెళ్లింది. అక్క డ్రైవరు పక్కనే కూర్చుని వచ్చింది. ఇంజనీరు లారీ మీదే ఒక్కో పంపునూ నడిపించి చూసి, చివరిదాన్ని ఆపి, "అన్నీ బాగున్నాయి, దించుకోండి" అన్నాడు. హమాలీలు తాళ్లు విప్పారు.