వెనక్కి చూసే పిట్ట

నా చిన్నప్పుడు మా పెదనాన్న ఇంట్లో, టీవీ తెర మీద, ఒక పిట్ట నాకోసం ఎదురుచూస్తూ ఉండేది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. గద్వాలలో మగ్గం పని సరిగా దొరకక అమ్మా నాన్నా మహారాష్ట్రలోని భివండి పోయి పవర్‌లూముల్లో పనికి కుదిరారు. నన్ను పెద్దమ్మ దగ్గర వదిలారు. దసరాకు వచ్చినప్పుడు నాన్న టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేము డబ్బా తెచ్చిచ్చాడు. వాళ్ళు ఉన్నది రెండు రోజులే. మూడోనాడు బస్సెక్కారు. అమ్మ కిటికీ పక్కనే కూర్చుంది కానీ, బస్సు మలుపు తిరిగేదాకా ఒక్కసారైనా తల తిప్పలేదు.

ఆ డబ్బాలో చాలా ఆటలున్నా నేను ఒక్కటే ఆడేదాన్ని. రాళ్ళ మీద గెంతుతూ పిట్ట ఏరు దాటాలి. ఒక్కదాన్నే అయినా ఇద్దరి ఆట పెట్టుకునేదాన్ని. అలా పెడితే రెండో పిట్ట కూడా వస్తుంది. దాన్ని కదిలించేవాళ్ళు మాత్రం లేరు. నా పిట్ట అవతలి ఒడ్డు చేరి చూస్తే అది ఇవతలే నిలబడి ఉండేది. బడి నుంచి రాగానే నాకు అదే పని. మెల్లగా మాటలు తగ్గిపోయాయి. ఆదివారం ఎదురింటి ఫోనుకు నాన్న చేస్తే, రిసీవరు చెవికి పెట్టుకుని ఊరుకునేదాన్ని.

పెద్దమ్మకు భయం పట్టుకుంది. "గా డబ్బా వచ్చినకాడి నుంచి పోరి నోరు తెరుస్తలేదు. రేపు పెట్టెల పెట్టి తాళమేస్త," అని పెదనాన్నతో అంటుంటే విన్నాను. అది పోతే ఆ ఇంట్లో నాది అనుకునే వస్తువు ఇంకొకటి లేదు. ఆ సంగతి చెప్పడానికైనా నాకు నోరు రాలేదు.

పెదనాన్న ఇంట్లోనే చీరలు నేసేవాడు. మర్నాడు ఆయన, కాళ్ళు దించుకుని కూర్చునే మగ్గం గుంటలోంచి లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆట నేర్పమంటాడేమో అనుకున్నాను. ఆయన తెరకు ముక్కు ఆనేంత దగ్గరికి జరిగి, పిట్టను వేలితో లెక్కపెట్టసాగాడు. ముక్కు రెండు గళ్ళు, మెడ నాలుగు, తోక ఐదు. పువ్వైనా హంసైనా నేసే ముందు గళ్ళ కాగితం మీద గీసుకోవడం ఆయన పని తీరు. తెర మీది పిట్ట కూడా గళ్ళతోనే ఉందని అన్నాళ్ళూ నా కంటికి ఆననే లేదు.

"దీన్ని ఎవరు గీసిండ్రు?" అని అడిగాడు.

"తెల్వదు. టీవీలనే వస్తది."

"గట్లనా. చీర గూడ మగ్గంలనే వస్తదా మరి? నేను గుంటల కూసోని ఈగలు గొడుతున్ననా?"

నాకు నవ్వొచ్చింది. గీసినవాడు రెక్క దగ్గర ఓపికగా పని చేశాడనీ, నీళ్ళ దగ్గర మాత్రం ఒకే అలను మళ్ళీ మళ్ళీ అతికించాడనీ చూపించాడు. "గీడ తొందరవడ్డడు సూడు. ఎవడో వాన్ని తరుముతుండె," అన్నాడు. ఎక్కడో, ఏ దేశంలోనో, పెదనాన్నలాగే ఒకరు వంగి కూర్చుని ఒక్కో గడీ నింపుతున్నట్టు మొదటిసారి నాకు కనిపించింది.

ఆయన కాగితం తెచ్చి పిట్టను దింపుకోవడం మొదలుపెట్టాడు. "అది వాళ్ళది గద పెదనాన్నా, మనం తీసుకోవచ్చునా?" అన్నాను. చాలా రోజులకు నా నోట వచ్చిన పెద్ద మాట అదే. తాను నేసే హంస తనకు పని నేర్పినాయన దగ్గర చూసినదేననీ, ఆయన దాన్ని ఏదో రాతి గోడ మీద చూశాడనీ, ఎవరికి వాళ్ళు మెడో తోకో మార్చుకున్నారనీ చెప్పాడు. "చూసి నేర్సుకుంటె తప్పుగాదు. ఉన్నదున్నట్టు దింపుతె తప్పు. మనది జర కలవాలె. దీనికేం తక్కువైంది, నువ్వు చెప్పు."

నేను తెర దగ్గరికి జరిగి పిట్టను ముక్కు నుంచి తోక దాకా చూశాను. ఆయన తొందరపెట్టలేదు.

"అది ఎనుకకు సూస్తలేదు," అన్నాను చివరికి.

పెదనాన్న మెడ చెరిపి, వెనక్కి తిప్పి గీశాడు. నా వైపు చూడకుండా, "మీ అమ్మ ఎనుకకు సూసుంటే బస్సు దిగుతుండె బిడ్డా. గందుకే సూడలే," అన్నాడు.

అప్పుడు ఏడ్చాను. ఆ తర్వాత సాయంత్రం దాకా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను. గడపలో నిలబడి వింటున్న పెద్దమ్మ తాళం మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ పిట్టను పెదనాన్న ఒక చీర కొంగులో నేశాడు. ఆ చీర ఎవరు కట్టుకున్నారో నాకు తెలియదు.

ఇప్పుడు నేను వనపర్తిలో ఉంటున్నాను. ఊరు మారినప్పటి నుంచి మా అయిదేళ్ళవాడు మాట్లాడడం తగ్గించి ఫోనులో ఆటలకు అతుక్కుపోయాడు. వాడు పడుకున్నాక, ఈ రోజు ఎన్ని మాటలు మాట్లాడాడో లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాను. ఫోను లాక్కోవాలనే ఉంటుంది. ఒక్కోసారి లాక్కుంటాను కూడా. నేను చేసేది తప్పో ఒప్పో తెలియదు. కానీ లాక్కునే ముందు వాడి పక్కన కూర్చుని, ఆ ఆట బొమ్మల్ని ఎవరు గీశారో, అందులో ఏం తక్కువైందో అడగాలనేది మాత్రం నాకు పెదనాన్న దగ్గర అబ్బింది. ఇవాళ అడిగితే మావాడు ఆట ఆపి, తెర మీది బొమ్మల్ని ఒక్కొక్కటే వేలితో చూపించాడు.

"ఇందులో ఎవ్వరికీ ఆకలి కాదమ్మా," అన్నాడు.

ఎందుకు కాదని అడిగాను. చెప్పడం మొదలుపెట్టాడు. పొయ్యి మీద అన్నం అడుగంటింది. నేను లేవలేదు.