గుడియాత్తం ఛార్జి

1951 ఫిబ్రవరి మొదటి వారంలో నన్ను వేలూరు తాలూకా ఆఫీసు నుంచి గుడియాత్తం మునిసిపాలిటీకి జనాభా లెక్కల పని మీద పంపారు. అప్పటికి నేను తాత్కాలిక గుమాస్తాని. నా ఉద్యోగం ఖాయం చేయమని సిఫారసు చేసే కాగితం ఆ ఏప్రిల్లో కలెక్టరాఫీసుకు వెళ్ళవలసి ఉంది. సొంత ఊరు గనుక వీధులు చూపించే మనిషి అక్కర్లేదని మా హెడ్‌గుమాస్తా నన్నే ఎంచాడు. లుంగీ మగ్గాల వీధిలో పుట్టి సర్కారు కుర్చీలో కూర్చున్న మొదటివాణ్ణి నేను. ఆ కుర్చీ పోతే మళ్ళీ మగ్గం గుంటలోకి కాళ్ళు దించాల్సిందే.

ఆఫీసులో మొదటి ఏడాది నేను నేర్చుకున్న ఇంగ్లీషు దాదాపు ఒక్క మాటే. ఆ మాట ఛార్జి. కొత్త సీటుకు వెళితే ఛార్జి తీసుకోవాలి, వదిలేటప్పుడు ఛార్జి అప్పగించాలి. దానికి ఛార్జి లిస్టు అని ఒకటి ఉంటుంది. బల్ల, కుర్చీ, సిరాబుడ్డి, ఇనప్పెట్టె తాళం, ఒక్కొక్కటీ ఉందో లేదో కళ్ళతో చూసిన తర్వాతే సంతకం పెట్టాలి. పైవాడు సెలవు పెడితే కిందివాడు ఇన్‌ఛార్జి, అంటే ఇద్దరి పని, ఒక్కడి జీతం. ఊరికి పోవాలంటే బస్సు ఛార్జి. టీ క్లబ్బులో రేడియో మూగబోతే బ్యాటరీ ఛార్జికి పోయిందని చెప్పేవారు. సభలో గొడవైతే లాఠీ ఛార్జి. వీటన్నిటికంటే గుమాస్తా గుండెలు జారేది ఛార్జి మెమోకి. నువ్వు ఫలానా తప్పు చేశావని మోపుతున్నాం, సమాధానం చెప్పుకో అని దాని సారాంశం. ఒక్క మాటకు ఇన్ని వేషాలేమిటని అడిగితే మా హెడ్‌గుమాస్తా ముక్కుపొడి పీల్చి, "అన్నిట్లోనూ సంగతి ఒకటేనప్పా, ఏదో ఒక బరువు నీ నెత్తిన పెడతారు" అన్నాడు. తర్వాత ముప్పై ఏళ్ళ సర్వీసులో అంతకంటే మంచి వివరణ నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు.

గుడియాత్తం వెళ్ళాక ఆ మాటకు ఇంకో వేషం కనబడింది. జనాభా లెక్కల్లో ఛార్జి అంటే ఒక ప్రాంతం. కొన్ని ఇళ్ళు కలిస్తే బ్లాకు, కొన్ని బ్లాకులు కలిస్తే సర్కిలు, సర్కిళ్ళన్నీ కలిస్తే ఛార్జి. గుడియాత్తం పట్టణమంతా ఒకే ఛార్జి. దానికి మునిసిపల్ కమిషనరు ఛార్జి సూపరింటెండెంటు. ఆయన తంజావూరు వైపు తమిళుడు, తెలుగు వింటే అర్థం చేసుకునేవారు. సన్నగా, నిటారుగా ఉండేవారు, కామా తప్పినా కాగితం వెనక్కి పంపేవారు. ఆయన కింద సర్కిలుకొక సూపర్‌వైజరు. మా సూపర్‌వైజరు ఏకాంబరం అనే బడిపంతులు. అందరికంటే అడుగున బ్లాకుకొక ఎన్యూమరేటరు, అంటే నేను. జనం మాత్రం నన్ను తలకాయలు లెక్కబెట్టే ఆయన అనేవాళ్ళు.

శిక్షణ ఒక్క రోజే. మనిషికొక స్లిప్పు చొప్పున నింపాలి. పేరు, వయసు, పని, ఇంకా కొన్ని గడులు, వాటిలో ఒకటి మాతృభాష, తమిళంలో తాయ్‌మొళి. జవాబు ఎలా చెబితే అలా రాయాలి, వాదించకూడదు, సలహా చెప్పకూడదు. చేయి తిరగడానికని ఎన్యూమరేటర్లందరూ మొదట తమ ఇంటివాళ్ళ స్లిప్పులు అక్కడే కూర్చుని నింపాలని పద్ధతి. నా స్లిప్పుల పుస్తకంలో మొదటి ఆరు మా ఇంటివే. ఏకాంబరం పంతులు చూసి దస్తూరి బాగుందన్నాడు. సంతోషంగా పేజీ తిప్పేశాను.

నా బ్లాకులో మా వీధి, దాని పక్క సందు, కలిపి మా ఇల్లు కాక నలభై ఇళ్ళు. తెలుగు మాట్లాడే నేతపనివాళ్ళవి. ఎన్ని తరాల క్రితం వచ్చారో వాళ్ళకే తెలియదు. నేను సర్కారు పని మీద వచ్చాను గదా అని గొంతు సవరించుకుని, అచ్చులో ఉన్న ప్రశ్నల్ని ఉన్నదున్నట్టు తమిళంలో చదివాను. చొక్కా వేసుకున్న మనిషి తమిళంలో అడిగితే వాళ్ళూ తమిళంలోనే జవాబు చెప్పారు. మాతృభాష అంటే తమిళమన్నారు. రాసుకున్నాను. పని అయ్యాక, "మజ్జిగ తాగి పో నాయనా, ఎండ మండిపోతా ఉండాది" అనేవాళ్ళు. తాగి పక్కింటికి పోయేవాణ్ణి. నలభై ఇళ్ళలో మజ్జిగ తాగినా నా బుర్రకు ఏమీ తట్టలేదు.

మార్చి ఒకటో తేదీన తుది విడత మొదలైంది. మొదటి విడత తర్వాత పుట్టినవాళ్ళను కలపడం, పోయినవాళ్ళను కొట్టెయ్యడం ఆ విడత పని. ఇంకే గడి దిద్దాలన్నా సూపర్‌వైజరు పక్కన సంతకం పెట్టాలి. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండే మునెమ్మవ్వ ఇంట్లో, ఆమె మనవడి భార్యకు మూడు రోజుల కిందట ఆడపిల్ల పుట్టింది. కొత్త స్లిప్పు తీశాను. మాటలు రాని పసిబిడ్డలకు తల్లి భాషే మాతృభాష అని రూలు. అందుకని తమిళంలో, బిడ్డ తల్లి ఏ భాష మాట్లాడుతుందని అడిగాను.

మునెమ్మవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "యా బాసేంది నాయనా? తెలుగే. మొన్న నొప్పులొచ్చి రెండు వీధులకు ఇనబడేట్టు అరిచినాది గదా. ఒక్క అరవం ముక్క నీ చెవిన పడినాదా?"

మరి ఫిబ్రవరిలో అందరికీ తమిళమని ఎందుకు చెప్పారని, ఈసారి తెలుగులోనే అడిగాను.

"తాయ్‌మొళి అంటే బళ్ళో రాసే మొళి అనుకొంటిమి. తెలుగుకు మాకు అచ్చరాలు యాడ ఉండాయి? నోటికి తప్ప చేతికి రాదు. రానిదాన్ని మాదని ఎట్ల రాయించేది?" అంది అవ్వ. లోపల్నుంచి మనవడు ఇంకో మాట కలిపాడు. తెలుగోళ్ళకు వేరే రాజ్యం వస్తుందని, తెలుగని రాయించుకున్నవాళ్ళను మగ్గాలతో సహా అక్కడికి పంపేస్తారని సంతలో ఎవరో అన్నారట.

నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఆ మధ్యాహ్నం నుంచి నలభై ఇళ్ళూ మళ్ళీ తిరిగి, ఎవరినీ ఎక్కడికీ పంపరని చెప్పి, ప్రశ్నను తెలుగులో అడిగాను. నాలుగు ఇళ్ళవాళ్ళు తమిళమే ఉంచమన్నారు, ఉంచాను. మిగతా అన్ని స్లిప్పుల్లో తమిళం కొట్టేసి తెలుగు రాశాను. ఏకాంబరం పంతులు జ్వరమొచ్చి పడుకున్నాడు. సంతకం రేపు పెట్టించుకోవచ్చులే అనుకున్నాను. సర్వీసులో రేపు అనుకున్న పని ఏదీ నాకు అచ్చిరాలేదు, ఇది మొదలు.

మర్నాడే కమిషనరుగారు తనిఖీకి స్లిప్పులు తెప్పించుకున్నారు. ఒక వీధికి వీధి ఒకే గడిలో కొట్టివేతలు, అన్నీ ఒకే సిరా, పక్కన సంతకాలు లేవు. అవి ఆంధ్ర రాష్ట్రం కావాలని సభలు జరుగుతున్న రోజులు. ఏ గ్రామం ఎటు పోవాలో భాష లెక్కలు చూసి తేలుస్తారని రెండు వైపులా గుసగుసలు. సాయంత్రానికల్లా నాకు ఛార్జి మెమో వచ్చింది. ప్రభుత్వ లెక్కల్ని ఒక భాషకు అనుకూలంగా మార్చానని, ఇరవై నాలుగు గంటల్లో సంజాయిషీ ఇవ్వాలని. ఏప్రిల్లో వెళ్ళవలసిన కాగితం కళ్ళముందు గాల్లో ఎగిరిపోయింది. చాలా భయపడ్డాను. మా నాయన మగ్గం ఆపి, ఏమైందిరా అని రెండుసార్లు అడిగితే, ఆఫీసు పనిలే అని తప్పించుకున్నాను.

జరిగింది జరిగినట్టు సంజాయిషీ రాసిచ్చాను. కమిషనరుగారు చదివి, గొడుగు తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని నేరుగా మునెమ్మవ్వ ఇంటికి నడిచారు. ఈ జవాబు నీదేనా, ఇతను చెప్పమంటే చెప్పావా అని ఆమెను తమిళంలో అడిగారు. అవ్వకు కోపమొచ్చింది. తమిళంలో మొదలుపెట్టి రెండో మాటకే తెలుగులోకి దిగిపోయింది. "ఈడు నాకు చెప్పేదేంది సామీ! ఈనికి నీళ్ళు పోసి, అన్నం పెట్టి, అత్తా అక్కా అని మాటలు నేర్పించిందే నేను. ఈ వీధిలో పుట్టిన బిడ్డ గదా ఈడు!"

నా పక్షాన ఇంత గట్టిగా మాట్లాడిన మనిషి నా సర్వీసంతా ఇంకొకరు లేరు. అంతగా నన్ను ముంచినవాళ్ళూ లేరు. కమిషనరుగారు మెల్లగా నావైపు తిరిగి, అయితే మీరూ ఈ వీధి తెలుగువారేనా అని అడిగారు. అవునన్నాను. అయితే మీకు ఇందులో సొంత ప్రయోజనం ఉందన్నమాట, అని గొడుగు తెరిచారు.

ఆఫీసుకు వచ్చాక నా స్లిప్పుల పుస్తకాన్ని మొదటి నుంచి ఒక్కొక్కటే తిప్పడం మొదలుపెట్టారు. మొదటి స్లిప్పు దగ్గరే ఆగిపోయారు. రెండోది చూశారు, ఆరోది దాకా చూశారు. ఈ ఇల్లు ఎవరిదని అడిగారు. మాదేనన్నాను. మాతృభాష గడిలో ఏం రాసి ఉందో పైకి చదవమన్నారు.

తమిళం. ఆరుగురికీ తమిళమే. కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. శిక్షణ రోజున నా చేత్తో నేను రాసుకున్నది. నేను చదివింది తమిళం, రాసేది తమిళం, తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. వీధిలోవాళ్ళు ఏ పొరపాటు చేశారో, ఎవరూ అడగకుండానే దాన్ని వాళ్ళందరికంటే ముందు నేనే చేశాను. ఆ తర్వాత దిద్దడానికి నలభై ఇళ్ళు తిరిగినవాణ్ణి, అయిపోయిన పేజీలే గదా అని నా ఇంటివైపు తిరిగి చూడలేదు.

కమిషనరుగారు నవ్వగా చూసింది ఆ ఒక్కసారే. తెలుగు లెక్క పెంచాలనుకున్నవాడెవడైనా ముందు తన ఇంటి నుంచే మొదలుపెడతాడు గదా అన్నారు. మెమో మీద 'వివరణ సంతృప్తికరం, తదుపరి చర్య అవసరం లేదు' అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టారు. సూపర్‌వైజరు సంతకం లేకుండా దిద్దినందుకు నోటిమాటగా గట్టిగా మందలించారు. ఏకాంబరం పంతుల్ని కంబళితో సహా రిక్షాలో రప్పించి, ప్రతి దిద్దుబాటు పక్కనా సంతకం పెట్టించారు.

నేను ఊరుకోవచ్చు గదా! మా ఆరు స్లిప్పులూ కూడా ఇప్పుడే దిద్దుకోవడానికి అనుమతి కావాలని అడిగాను. ఆయన పుస్తకం మూసి తన చేతికింద పెట్టుకున్నారు. మీ తరఫున ఉన్న సాక్ష్యం అదొక్కటే, దాన్ని దిద్దితే నేను ఆ మెమో మళ్ళీ తెరవాల్సి వస్తుంది, వెళ్ళి పని చూసుకోండి అన్నారు.

ఆ విధంగా మా వీధి తెలుగైంది, మా ఇల్లు తమిళమైంది. రాత్రి అన్నాల దగ్గర మా నాయనకు సంగతంతా చెప్పాను. ఆయన పొలమారేదాకా నవ్వినాడు. "పదేండ్లు అరవోళ్ళుగా ఉంటే ఏమి పోతుంది లేరా, మగ్గానికేమన్నా తెలుస్తుందా? ఉద్యోగం ఉండాది గదా, అది చాలు" అన్నాడు. మునెమ్మవ్వ మాత్రం మా ఇంటి ముందు పోయేటప్పుడల్లా వణక్కం అని తమిళంలో పలకరించి పోయేది. ఏప్రిల్లో నా కాగితం వెళ్ళింది, ఆగస్టులో ఉద్యోగం ఖాయమైంది.

ఆ వేసవిలోనే చిత్తూరు బస్సెక్కి వెళ్ళి ఒక పెద్ద బాలశిక్ష కొనుక్కొచ్చాను. ఇరవై నాలుగేళ్ళ వయసులో, వేలూరు గదిలో తలుపేసుకుని అ ఆలు దిద్దాను. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ అక్షరాలు అప్పుడు నేర్చుకున్నవే. ళ ఇప్పటికీ నాకు వంకరగానే వస్తుంది.

1961 లెక్కలకు నేను గుడియాత్తం ఛార్జిలోనే సూపర్‌వైజరునయ్యాను. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మగ్గంతో సహా ఎవరూ ఎక్కడికీ పోలేదు. ఈ సంగతి వల్ల నేను నేర్చుకున్నవి రెండు. ఛార్జి ఏదైనా, తీసుకునే ముందు లిస్టులో మొదటి వస్తువు దగ్గర్నుంచీ చూసుకోవాలి. ఆ మొదటి వస్తువు మనమే. రెండోది, ప్రశ్న అచ్చులో ఎంత సరిగ్గా ఉన్నా, అడిగే మనిషి దాన్ని ఇంటి మాటల్లో అడగకపోతే సరైన జవాబు రాదు. శిక్షణ రోజున నా సర్కిలు ఎన్యూమరేటర్లు తమ ఇంటి స్లిప్పులు నింపాక, పేజీలు తిప్పనివ్వకుండా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "ఇంట్లో మీ అమ్మ యా బాసలో తిడుతుందప్పా?" అని అడిగాను. ఏడుగురు తలలు వంచుకుని కొట్టివేతలు మొదలుపెట్టారు. ప్రతి కొట్టివేత పక్కనా నేను అక్కడికక్కడే సంతకం పెట్టాను.